రెండు శాతం బావగారు

బావగారికి,

మొన్న తోటకొచ్చినప్పుడు "ఫోన్‌లో చదివేది చదువేంటి మావయ్యా? చదవాలంటే ఇలాంటి ఈ-బుక్ రీడర్ ఉండాలి" అన్నారు. అల్లుడి మాట కాదనలేక నాన్న నా ఫోన్ బీరువాలో పెట్టేశారు. అందుకే ఈ ఉత్తరం.

తోటలోకి కోతులు రాకుండా కాపలా కాస్తూ, మామిడి సొన మరకలు పడ్డ ఆ పగిలిన ఫోన్‌లోనే ఈ వేసవిలో పదకొండు నవలలు చదివాను. నచ్చిన మాటలు మామిడికాయల అట్టపెట్టెల మీద రాసుకున్నాను.

మీరు షెడ్డులో మరిచిపోయిన రీడర్ తెరిచి చూశాను. తోలు అట్ట బాగుంది. లోపల నలభై పుస్తకాలున్నాయి. ఒక్కదాంట్లోనూ మీరు చదివింది రెండు శాతం దాటలేదు.

చిన్నరసాల కాయలు ఒక బుట్ట పంపుతున్నాను. అవి గడ్డిలో పండేలోగా నాన్నకి చెప్పి నా ఫోన్ ఇప్పించండి. అందాకా మీ రీడర్ నా దగ్గరే ఉంటుంది. మీ వల్ల కానివి నేను చదివి పెడతాను.

మీ మరదలు