పైంటు మగ్గు

అమ్మకి,

నీ చిన్నది నమస్కారాలతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నాన్నా నేనూ క్షేమమే. ఆ మాట మీద నన్ను నిలదీసేలోగా ఉత్తరం చివరిదాకా చదువు. అక్కడ నువ్వూ, అక్కా, మిమ్మల్ని నిద్రపోనివ్వని ఆ కవల రాలుగాయిలూ కులాసా అని తలుస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. కుట్టుమిషను బాగైంది, కర్టెన్ల పని చేతినిండా ఉంది. వంటగదిలో పంపు మాత్రం ఇంకా కారుతూనే ఉంది. ఆ చుక్కల చప్పుడు నాన్నకి వినబడకుండా కింద గుడ్డ వేశాను. దాహంతో ఉన్న మనిషికి పంపు కారడం వినిపించడమంత పాపం ఇంకోటి లేదమ్మా.

ఇక నాన్న నీళ్ళ సంగతి. గుండె నీరసపడింది, రోజుకి లీటరున్నర దాటితే నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుందని డాక్టరు చెప్పాడు కదా. పాల డైరీలో ఉద్యోగం చేసేటప్పుడు నాన్న తెచ్చుకున్న పాత పైంటు మగ్గు తీసి, "పైంటు అంటే అర లీటరే. రోజుకి మూడు. పైన చుక్క పోశావో చూడు" అని నాకప్పగించి వెళ్ళావు. చెప్పినట్టే పోశాను. అయినా నాన్న పాదాలు వాచాయి. చెప్పులు పట్టడం మానేశాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది.

పోయినవారం బీపీ చూడ్డానికొచ్చే నర్సు మిల్లీలీటర్ల గీతలున్న జాడీ ఒకటి ఇచ్చి వెళ్ళింది. మగ్గు నిండా నీళ్ళు తీసి అందులో పోశాను. అయిదువందల గీత దాటి పైకెళ్ళిపోయాయి. నా చేతి తప్పేమోనని మళ్ళీ పోశాను. మళ్ళీ అంతే వచ్చాయి.

మంచం మీంచి చూస్తూ నాన్న నవ్వాడు. "అయిదువందల అరవై ఎనిమిది. డైరీలో గ్యాలన్లు పోయి లీటర్లొచ్చినప్పుడు అందరిచేతా ఈ లెక్క బట్టీ పట్టించింది ఎవరనుకున్నావే?"

"మరి అమ్మ అర లీటరంటుంటే నోరు మెదపలేదేం?"

"మెదిపితే నీళ్ళు తగ్గుతాయిగా."

నాకూ నవ్వొచ్చింది. "మగ్గుకి రెండు గుక్కలు ఎక్కువ, అంతేగా. అమ్మకి రాయకే" అన్నాడు. పెదాలు ఎండి చీలిపోయి ఉన్నాయి.

అసలు చెప్పాల్సింది ఇదమ్మా. నేను సరేనన్నాను. తెలిసి కూడా నిండుగానే పోశాను. ఇవాళ్టికి పోనీలే, రేపట్నుంచి తగ్గిద్దాం అనుకుంటూ రోజులు గడిపేశాను.

మొన్న మధ్యాహ్నం కర్టెను అంచు కుడుతుంటే లోపల్నుంచి రంపం లాగుతున్నట్టు చప్పుడు. అది నాన్న ఊపిరి. మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ళకి ఆనించి, గాలి కోసం పెనుగులాడుతున్నాడు. ఆసుపత్రికి ఎలా తీసుకెళ్ళానో నాకే తెలీదు. "రోజుకి ఎంత తాగుతున్నారు?" అని డాక్టరు అడిగితే నేను సంచిలో మందుల చీటీ వెతకసాగాను. ముక్కు మీద పెట్టిన మాస్కు పక్కకి తీసి నాన్నే చెప్పాడు.

"పదిహేడువందల నాలుగు మిల్లీలీటర్లు. అమ్మాయికి తెలీదు. లెక్క నాది."

ఇంజెక్షన్లిచ్చి నీరు లాగేశారు. నిన్న ఇంటికి తెచ్చాను. ఊపిరి నెమ్మదిగానే ఉంది. అయినా కాసేపు కుట్టడం, మిషను ఆపి చెవి పెట్టి వినడం, ఇదే నా పని.

పొద్దున నిద్రమత్తులో, పాత అలవాటు కొద్దీ మగ్గు నిండుగా పోసి ఇచ్చేశాను. నాన్న తాగాడు. తాగి, అడుగున వేలి మందం నీళ్ళు ఉంచి మగ్గు నా చేతికిచ్చాడు.

"ఇదేంటి నాన్నా?"

"అరవై ఎనిమిది. పారబొయ్యి."

అంత దాహంలో ఉండి నీళ్ళు వెనక్కిచ్చాడమ్మా. నాన్నకి భయం వేసింది. ఆయన భయపడగా నేనెప్పుడూ చూడలేదు.

అక్కని పిల్లలతో వదిలేసి రావొద్దని నీకు రాయమన్నాడు. రాశాను. కానీ నువ్వు రా అమ్మా.

ఇట్లు,
మిషను ఆపి వింటున్న
నీ చిన్నది