ఫోయ్‌తోంగ్‌కు రెండు పూటలా సూది

జులై 24, ఉదయం 6

సూది వేశాను. ఒక యూనిట్. ఫోయ్‌తోంగ్ వెనక్కి కూడా చూడలేదు, గిన్నెలో మూతి పెట్టి తింటూనే ఉన్నాడు. భయమంతా నాకే.

పిల్లుల డాక్టరమ్మ అన్నీ రాయమంది. షుగర్ మీటర్ ఎంత చూపించింది, ఎంత మందు వేశాను, ఏం తిన్నాడు. నేను చదివింది నాలుగో తరగతి. అంకెలు రాసినంత మాత్రాన భయం పోదు, అందుకే మిగతాది కూడా రాస్తున్నాను.

388.

జులై 24, సాయంత్రం 6

మందు లోపలికి దిగిందో, బొచ్చు మీదే పోయిందో. వేలితో తడిమి వాసన చూశాను. అనుమానం ఉన్నా రెండోసారి వేయకూడదట. వేయలేదు. అనుమానం మాత్రం ఉంది.

జులై 28

182! నా కళ్లే తప్పేమోనని మీటర్‌ను వాకిట్లోకి తీసుకెళ్లి వెలుతురులో చూశాను.

జులై 31

మళ్లీ 402. ఫోన్ చేశాను. డాక్టరమ్మ ఒకటిన్నర చేయమంది. మీ అంతట మీరు పెంచొద్దమ్మమ్మా, ఏదైనా కొంచెం కొంచెంగానే అంది.

సిరంజి మీద సగం గీత నాకు కనిపించదు. మా ఆయన భూతద్దం వెతికి తీశాను. పదకొండేళ్లు ఆయన సూది ఆయనే వేసుకున్నాడు. నాకు భయమని నేను ఒక్కసారీ వేయలేదు. ఆఖరి ఏడాది విసుగొచ్చి మానేశాడు. ముందు కాలి వేళ్లు పోయాయి. తర్వాత ఆయన.

ఆగస్టు 2

415.

సంగియమ్ అక్క కాలువ అవతలి నుంచి అరిచింది. గుడ్డు సొన పాకంలో పోసి తీసే మిఠాయి పేరు పెట్టావు కదే వాడికి, ఇప్పుడు షుగర్ వచ్చిందని ఏడిస్తే ఎలాగే అంది. ఎనభై ఏళ్లు. గొంతు మాత్రం పడవ హారన్. వాడి వీపు చూడు, ఎముకలు లెక్కపెట్టొచ్చు, ఆ డబ్బా ముక్కలు తిని మనిషైనా బతుకుతాడా అంది. డాక్టరమ్మ అదే పెట్టమందక్కా అన్నాను. పెంచింది నువ్వా, డాక్టరమ్మా అంది.

ఆగస్టు 4

174. చెప్పుకుందామంటే సంగియమ్ అక్క ఇంట్లో లేదు.

ఆగస్టు 7

420. రెండు యూనిట్లు చేయమంది డాక్టరమ్మ. నాకు అన్నం సయించడం లేదు.

ఆగస్టు 12, మధ్యాహ్నం 3

బతికాడు. ముందు ఆ మాట రాయాలి.

ఉదయం 118. సంతోషించాను. తర్వాత భయమేసింది. ఇంత తక్కువైతే వేయాలా, మానాలా? సూది మానేస్తే ఏమవుతుందో కళ్లారా చూసినదాన్ని. రెండు యూనిట్లూ వేశాను.

పదకొండింటికి వంటింట్లో తాగినవాడిలా నడిచాడు. వెనక కాళ్లు పక్కకు జారిపోతున్నాయి. పడిపోయాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. అక్కా అక్కా అని అరిచాను. అక్క లేదు. కొబ్బరి బెల్లం కాసిని నీళ్లలో నలిపి వేలితో వాడి చిగుళ్లకు రుద్దాను. రుద్దుతూనే ఉన్నాను. కొరికాడు. రక్తం వచ్చింది. కొరికినందుకు వాడికి దణ్ణం పెట్టాను.

బుట్టలో పెట్టుకుని క్లినిక్‌కు పరిగెత్తాను. డాక్టరమ్మ తిట్టలేదు, అదే బాధ. 150 లోపు ఉంటే వేయకుండా ఫోన్ చేయమన్నాను కదమ్మమ్మా అంది. అన్నది నిజమే. నాకు మా ఆయన కాలే గుర్తొచ్చింది, ఆ మాట గుర్తు రాలేదు. బయటెక్కడైనా తింటున్నాడా అని అడిగింది. మా పిల్లి అలాంటిది కాదు అన్నాను, కాస్త కోపంగానే.

డోస్ మళ్లీ ఒకటికి తగ్గించింది.

ఆగస్టు 13

పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తక్కువ వచ్చిన తేదీలు 28, 4, 12. క్యాలెండర్‌లో ఆ మూడింటి కిందా చిన్న బుద్ధుడి బొమ్మ ఉంది. దీక్ష రోజులు.

పిల్లికి దీక్ష ఏమిటి?

మా కాలువ గట్టున దీక్ష పట్టేది సంగియమ్ అక్క ఒక్కతే. ఈ వానాకాలం మూడు నెలలూ ఆ రోజుల్లో తెల్లవారకముందే తెల్లబట్టలు కట్టుకుని బౌద్ధ విహారానికి పోతుంది. రాత్రి అక్కడే పడుకుని మర్నాడు తెల్లవారుజామునే వస్తుంది.

ఆగస్టు 14, ఉదయం 5.30

కిటికీ వెనక నిలబడి చూశాను.

అక్క మెట్ల మీద అన్నం కుండ పొగలు కక్కుతోంది. మొదటి గరిటె భిక్షకు వచ్చే భిక్షువుకని పక్కన పెట్టింది. రెండోది అరిటాకు మీద వేసి కానాగంత చేప తల నలిపి కలిపింది. రారా నాయనా అంది. నా దొంగ తోక నిలబెట్టుకుని చెక్క పలక మీదుగా కాలువ దాటాడు. ఆకు నాకేసి వచ్చి, ఆకలి ఆకలి అని నా కాళ్ల దగ్గర అరిచాడు.

411.

అదే రోజు, 8

నాలుగు మాటలు అనేద్దామనే వెళ్లాను. అడగ్గానే, అవునే, పెడుతున్నాను, నువ్వు మాడుస్తుంటే చూస్తూ ఊరుకోనా అంది. వాడికి అన్నం పంచదారతో సమానమక్కా, నువ్వు పెట్టిన అన్నంతో పెరిగిన షుగర్ చూసి మేము మందు పెంచాం, నువ్వు పెట్టని రోజు ఆ మందే వాణ్ణి పడగొట్టింది అన్నాను. కొరికిన వేలు చూపించాను.

అక్క ఆ వేలు పట్టుకుని వదల్లేదు. నేను చంపబోయానా వాణ్ణి అంది. హారన్ గొంతు ఎటు పోయిందో. సూది వేసింది నేను కదక్కా అన్నాను.

ఇద్దరం మెట్ల మీదే కూర్చున్నాం. వాడు వచ్చి అక్క ఒళ్లో పడుకున్నాడు. నా ఒళ్లో కాదు.

ఆగస్టు 17

236. ఒక యూనిట్.

ఆగస్టు 19, దీక్ష రోజు

228. ఒక యూనిట్. బుద్ధుడి బొమ్మ ఉన్నా లేకపోయినా ఇప్పుడు ఒకటే.

అక్క విహారానికి వెళ్తూ చెప్పింది. వాడి వాటా అన్నం కూడా రోజూ భిక్షువు గిన్నెలోనే వేస్తోందట. పుణ్యం వాడి పేరున.

ఆ భిక్షువు బాగా లావు. షుగర్ ఉందేమో. అడగాలి.