బావగారి చేతుల తిమ్మిరి

బావమరిదికి ఆశీస్సులు.

మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. ఇన్నాళ్లూ రాయలేకపోయాను. పొద్దున లేచి టీ పెట్టింది. నా చొక్కాకి గుండీ కుట్టింది. పిల్లికి పాలు పోసింది. గొడుగు మర్చిపోయానని గుమ్మం దాకా వచ్చి తిట్టింది. పదకొండింటికి పక్కింటావిడ ఫోను చేసింది. నేను వచ్చేసరికి కుర్చీలో ఉంది, నిద్రపోతున్నట్టే. ఆ రోజు వాన పడలేదు.

ఇంకో సంగతి. నెల రోజులుగా రెండు చేతులకీ తిమ్మిర్లు. పొద్దున లేచేసరికి మోచేతుల నుంచి వేళ్ల దాకా చీమలు పాకుతున్నట్టుంటుంది. తర్వాత మొద్దుబారతాయి. నీళ్ల ఆఫీసులో పైపుల నక్షాలు గీసేవాడికి చేతులు పోతే ఏం మిగులుతుంది? నువ్వు డాక్టరువి కదా, ఏం చేయాలో చెప్పు.

మీ బావ

తా.క.: నిన్న గీత వంకరపోయింది. కొత్త పైపు మా ఆఫీసరు పడగ్గదిలోంచి వెళ్లింది. ఆయన సంతకం కూడా పెట్టేశాడు.

&nbsp;

బావకి నమస్కారాలు.

గొడుగు దాకా చదివి ఉత్తరం మడిచి పెట్టేశాను, మిగతాది మర్నాడు చదివాను.

నేను డాక్టర్నే గానీ పశువులకి. నా దగ్గరికొచ్చే వాళ్లెవరికీ చేతులుండవు బావా! మనుషుల డాక్టరుని చూడండి. షుగరు, బి12, మెడ ఎక్స్‌రే అన్నీ చేయించుకోండి. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి పడిపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పొచ్చినా మాత్రం నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

మీ బావమరిది

తా.క.: అక్క పెంచిన పిల్లి అంటే మీకు పదకొండేళ్లుగా పడదు కదా. ఎలుకలతో వేగలేని గోడౌనాయన ఒకడున్నాడు. ఇప్పించెయ్యనా?

&nbsp;

బావమరిదికి ఆశీస్సులు.

డాక్టరుని చూశాను. షుగరు లేదు. రక్తం బాగుంది. మెడ బాగుంది. చివరికి, "నిద్రలో మీ చేతిమీద ఎవరైనా తల పెట్టుకుంటారా? నరం నొక్కుకుపోయినా ఇలాగే ఉంటుంది" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. ఆయన చీటీ మీద ఏదో రాసుకున్నాడు.

మీ బావ

తా.క.: బయటికొస్తుంటే నర్సమ్మ నన్ను చూసి నవ్వింది. ఇన్నేళ్లలో ఏ నర్సూ నవ్వలేదు.

&nbsp;

బావా,

నమస్కారాలు తర్వాత. "లేదు" అనడానికి ఒక్క మాట చాలు. జవాబు చెప్పలేదంటే ఏంటర్థం? అక్క పోయి ఆరు నెలలు! ఎవరామె? ఆఫీసులో ఆవిడా? పక్కింటావిడా? ఆ రోజు ఫోను చేసింది కూడా ఆవిడేగా! మా ఆవిడైతే "పోనీలెండి, ఆయనకి మాత్రం తోడొద్దా" అంటోంది. రెండు రోజులుగా తనతో మాటల్లేవు. నాకు నిజం కావాలి.

మీ బావమరిది

తా.క.: పిల్లి గురించి మీరేం రాయలేదు, సరేనన్నట్టే అనుకున్నాను. గోడౌనాయన శనివారం పొద్దున్నే బుట్ట పట్టుకుని వస్తాడు.

ఇంకో తా.క.: ఆమెకి వంట వచ్చా? మా ఆవిడ అడగమని చీటీ పంపింది.

&nbsp;

బావమరిదికి ఆశీస్సులు.

పక్కింటావిడకి డెబ్భై ఆరేళ్లు. ఆవిడ జోలికి పోకు.

ఆమెకి వంట రాదు. మీసాలున్నాయి. మీ అక్క పిల్లి.

మీ అక్క పోయాక అయిదు నెలలు నా మొహం చూడలేదు. ఆ తర్వాత ఓ రోజు దానంతటదే మంచమెక్కి నా చేతిమీద తల పెట్టింది. ఒక చెయ్యి విసుగొస్తే రెండో చేతికి మారుతుంది. కదిపితే లేస్తుంది. లేస్తే గదిగదికీ తిరిగి వెతుకుతుంది. ఎవరి కోసమో నీకు తెలుసు. అందుకని కదపను.

ఇదంతా డాక్టరుకి చెప్పడానికి మొదట నోరు రాలేదు. మొన్న వెళ్లి చెప్పాను. పక్కన దిండు వేసి దాన్ని అటు మార్చమన్నాడు. మీ అక్క దిండు వేశాను. ఒప్పుకుంది. ఇవాళ తిమ్మిరి కాస్త తగ్గింది. గీత తిన్నగా వచ్చింది.

మీ ఆవిడతో మాట్లాడు.

మీ బావ

తా.క.: ఈ ఉత్తరం నీకు అందేలోపే గోడౌనాయన వచ్చేస్తాడు. రేపు పొద్దున సగం తలుపు తీసి, ఈ ఇంట్లో పిల్లి లేదని ఆయనకి చెబుతాను. అది కిటికీలో కూర్చుని ఆయన్నే చూస్తూ ఉంటుంది. అయినా చెబుతాను.