విరిగిన జొన్నరొట్టె

బాలమణీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున జొన్నరొట్టె కొట్టాను. పెనం మీద వేయబోతే చేతిలోనే విరిగింది. నువ్వుంటే నన్ను పక్కకు నెట్టేదానివి.

ఇన్నాళ్లూ కుక్కర్లో తెల్లన్నం, లేదంటే చాయ్. షుగర్ పెరిగింది. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు. మొన్న వనపర్తి దవాఖానకు పోతే డాక్టరమ్మ మందులు రాసి, "పెద్దాయనా, జొన్నరొట్టె, ఉలవలు, ఆకుకూరలు తిను. మన పేగులల్ల కంటికి కనపడని జీవులుంటయి. గీ తిండిల ఉండే పీచే వాటికి బువ్వ. అవి మంచిగుంటే షుగర్ అదుపుల ఉంటది, మనసు గూడ జర తేలికైతది" అన్నది.

మనసు సంగతి నేను నమ్మలేదు. లేవబోతుంటే, "నువ్వు తినకుంటే అవి గూడ ఉపాసమే" అన్నది. ఆ మాట నన్ను వదల్లేదు.

నేను పొలం నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, నేను తినేదాకా నువ్వు ముద్ద ముట్టేదానివి కాదు. "నువ్వు తినకుండ నాకెట్ల దిగుతది?" అని కసిరేదానివి.

విరిగిన రొట్టెనే కాల్చి, పుంటికూరతో తిన్నాను. రుచి తెలియలేదు. అయినా ముక్క మిగల్చలేదు. ఈ ఇంట్లో నేను తినేదాకా ఎదురుచూసేవి ఇప్పుడు నా కడుపులోని ఆ జీవులే కదా.