రెండు డిస్కులకూ బొట్టు

1997 అక్టోబరు 7

ఉదయం నాచారం వెళ్లాను, మా కోడలు సునీత నడిపే కంప్యూటర్ సెంటర్‌కు. చెప్పి వెళ్తే ముందే అంతా సర్దేస్తుంది. అందుకే చెప్పకుండా వెళ్తాను — టీచరుగా రిటైరైనా తనిఖీ బుద్ధి పోలేదు. నాలుగు కంప్యూటర్లు, మూలన వాటన్నిటికీ పెద్దదిక్కుగా సర్వర్. ఉప్పల్ బడి పిల్లల క్వార్టర్లీ మార్కులన్నీ దాని హార్డ్‌డిస్కులోనే. ఆ డిస్కు నిండిపోయిందట.

"జాగ లేదత్తమ్మా. కార్డులు ప్రింట్ కొడ్దామంటే ఆగిపోతున్నది."

పెద్ద డిస్కు కొనాలి, పాతదాంట్లో ఉన్నది ఉన్నట్టు దాంట్లోకి ఎక్కించాలి. దసరా సెలవులు అయి బడి తెరిచే రోజుకు ప్రోగ్రెస్ కార్డులు ఇస్తానని మాటిచ్చింది. బడి పని నిలబడితే సెంటర్ నిలబడుతుంది, లేదంటే తాళం వేసుకోవడమే — నవ్వుతూనే అంది గానీ నా వైపు చూడలేదు.

అక్టోబరు 8

కొత్త డిస్కు వచ్చింది. అరచేతిలో పట్టేంత. పాతదానికీ దీనికీ రూపంలో తేడా లేదు, లేబుల్ చదివితే తప్ప. కొత్త వస్తువు కదా అని సునీత వెంటనే కుంకుమ బొట్టు పెట్టింది. సర్వర్ చూసే యాదగిరికి ఫోన్‌లో — "బొట్టున్నది కొత్తది, లేనిది పాతది. యాదుంచుకో." మంచి గుర్తే అనుకున్నాను.

అక్టోబరు 9

సద్దుల బతుకమ్మ. వాన. పూలు తడిసినా నిలబడ్డాయి.

అక్టోబరు 10

ఆయుధపూజ సెంటర్‌లోనే. రేపు దశమి, మంచి రోజు, ఎక్కించడం రేపే. అందుకని యాదగిరి పాత డిస్కును విప్పి పీట మీద కొత్తదాని పక్కన పెట్టి వెళ్లాడు. సునీత కొబ్బరికాయ కొట్టడానికి గుమ్మం దగ్గర ఉంది. పీట మీద రెండు వస్తువులు — ఒకదానికి బొట్టు, ఒకటి బోడిగా. ఇన్నాళ్లు పనిచేసినదాన్ని అలా వదిలేయడం నాకు చేతకాదు. కొత్తదాని బొట్టు చెరగకుండా రెండింటికీ నిండా గంధం రాసి, పాతదానికి పెద్ద బొట్టు పెట్టాను. తృప్తిగా ఉంది.

అక్టోబరు 11

పండుగ పూట ఇది రాయవలసి వచ్చింది. వరసగా రాస్తాను.

యాదగిరి పీర్జాదిగూడ నుంచి పొద్దున్నే వచ్చాడు. చూస్తే రెండింటికీ బొట్టు. గంధం కింద లేబుళ్లు కనబడలేదు. ఎవరినీ అడగలేదు — తనే తేల్చుకున్నాడు. ఖాళీ డిస్కును తీసుకొచ్చి నిండిన డిస్కు మీద ఎక్కించాడు. మేం వెళ్లేసరికి రెండూ ఖాళీ.

"గిట్లెట్ల జేసినవ్ యాదగిరీ?"

"కొత్తదానికే గద మేడం పెద్ద బొట్టు పెడ్తరు. పెండ్లిపిల్లకు పెట్టినట్టు పెట్టిన్రు."

"మెషిన్ అడగలేదా?"

"అడిగింది. దీంట్ల ఉన్నయన్నీ పోతయ్, ఫర్వాలేదా అన్నది. కొత్తదాంట్ల ఏముంటది పోనీకి... సరే అన్న."

నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదు. కిటికీ వైపు తిరిగాను.

ఆ బొట్టు పెట్టింది నేనని చెప్పాను. యాదగిరి డిస్కుల మీది గంధం తుడవసాగాడు, సునీత ఫ్లాపీల డబ్బా ముందు వేసుకుంది. ఏదో ఒకటి అంటే బాగుండేది.

అక్టోబరు 12

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మార్కులకు సునీత ముందే ఫ్లాపీల్లో నకలు తీసి పెట్టింది. తొమ్మిది, పది — లేవు. టీచర్లు రిజిస్టర్లతో సహా ఊళ్లకు వెళ్లారు. దిద్దిన పేపర్లు బడి బీరువాలో ఉన్నాయి. తాళం బడి నడిపే కరస్పాండెంట్ గారి దగ్గర.

సునీత — "వేరే ఏదన్న చెప్పి పేపర్లు తెచ్చుకుందాం అత్తమ్మా. ఈ ముచ్చట తెలిస్తే మళ్ల పనియ్యడు."

వద్దన్నాను. నేనే వెళ్లి ఉన్నది చెబుతానన్నాను. మా ఆయన పేపరు మడిచి, "టీచరమ్మ తప్పు ఒప్పుకుంటుందా? టికెట్టు పెట్టినా జనం వస్తరు." తోడు రమ్మంటే మళ్లీ పేపరు విప్పారు.

అక్టోబరు 13

కరస్పాండెంట్ గారు అంతా విన్నారు.

"అంటే పిల్లల మార్కులను బొట్టు పెట్టి సాగనంపిన్రు."

"అవును."

"మీ కోడలు తప్పేం లేదంటరు?"

"ఉంది. అన్ని తరగతులకూ ఫ్లాపీలు తీయలేదు. నా తప్పు ఇంకా పెద్దది."

చాలాసేపు నవ్వారు. కళ్లద్దాలు తుడుచుకుని తాళాలిచ్చారు. కానీ — "బడి తెరిచే పొద్దుకు కార్డులు రాకుంటే ఎప్పటిలెక్క చేత్తోనే రాయిస్త. ఏమనుకోకుండ్రి."

నేనైనా అదే చేస్తానన్నాను. నిజమే చెప్పాను. దారంతా అదే గుబులు.

అక్టోబరు 14

యాదగిరి సర్వర్‌లో మళ్లీ పాత డిస్కే బిగించాడు. కొత్తదాన్ని ఇప్పుడు ముట్టనన్నాడు, "నాకు దాని మీద భయం పట్టుకున్నది." పాతదాంట్లో ఇప్పుడు కావలసినంత ఖాళీ... ఆ ఒక్క మేలు జరిగింది.

నేను మార్కులు చదువుతున్నాను, సునీత కొడుతోంది, యాదగిరి కట్టలు విప్పి అందిస్తున్నాడు. కూడిక సరిచూడకుండా పేపరు కింద పెట్టలేకపోతున్నాను. పదో తరగతి లెక్కల పేపర్లలో కూడిక తప్పులు — అదీ లెక్కల్లో. చీటీలు పెట్టి వేరే ఉంచాను, టీచరుకు చూపాలి.

"చదువుండ్రి అత్తమ్మా, దిద్దకుండ్రి. టైం లేదు."

యాదగిరి నెమ్మదిగా — "అమ్మ దగ్గర చదువుకున్నోళ్లు ఎట్ల బతికిన్రో." నాకు వినపడదనుకుని అన్నాడు. వినపడింది. తొమ్మిదో తరగతి నుంచి కూడికలు చూడడం మానేశాను.

అక్టోబరు 15

గొంతు పోయింది. మిరియాల పాలు. అన్ని తరగతులూ ఎక్కాయి. ముందు ఫ్లాపీలు తీయించాను, తర్వాతే ప్రింటింగు.

అక్టోబరు 16

బడి తెరిచారు. గంట కొట్టకముందే కార్డులు బల్ల మీద పెట్టాం. కరస్పాండెంట్ గారు పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి తీసి చూశారు. బాగున్నాయన్నారు. వార్షిక పరీక్షల సంగతి సునీత అడగలేకపోతోంది, నేనే అడిగాను.

"వాటికి ఈ పాత డిస్కు సాలదంటిరి గద. పెద్దదాంట్లకు ఎక్కించుడు నా కండ్ల ముందర జేయుండ్రి. మంచిగ అయితే పనంతా మీకే. కాకుంటే ఈడికి ఆపుదాం."

అక్టోబరు 17

సెంటర్‌లో కూర్చునే రాస్తున్నాను.

కరస్పాండెంట్ గారు సర్వర్ ముందు కుర్చీ వేసుకున్నారు. యాదగిరి రెండు లేబుళ్లూ పైకి చదివాడు, సునీత చదివింది, ఆయనా చదివారు, చివరికి నేను. మొదలైంది. తెరమీద నూటికి ఎంత అయిందో అంకె పడుతోంది. పది... ఇరవై... టీలు చల్లారాయి.

నలభై. చాలాసేపటి నుంచి నలభై.

కరస్పాండెంట్ గారు ముందుకు వంగారు — "ఆగిందా?"

"ఆగలే సార్," అన్నాడు యాదగిరి. "ఆలోచిస్తున్నది."

సునీత నా కుర్చీ వెనక నిలబడి గోళ్లు కొరుకుతోంది. కొరకొద్దని చెప్పాలి. చెప్పబుద్ధి కావడం లేదు.

నలభై ఒకటి.