బిల్లుకు ముందే కొన్న చీర

చెల్లీ రాజ్యం,

రేపు నీ సంవత్సరీకం. మొన్న నీ మనవరాలు స్వాతి కోదాడ నుంచి నా దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. పాయింట్ల కోసం మూడు క్రెడిట్ కార్డులు తీసుకుని, నెలనెలా బిల్లులో 'మినిమం' అని చూపే కొద్ది మొత్తం మాత్రమే కట్టిందట. వడ్డీ పేరుకుపోయింది.

"అంత కడితే సాలనుకున్న, అమ్మమ్మా."

"కట్టుమన్నది బ్యాంకోడు బిడ్డా, నీ మేనమామ గాదు."

బాకీ నేను తీర్చాను. కార్డులు విరిచేస్తానంది, తప్పు వాటిది కాదన్నాను. నువ్వు నాకు నేర్పిందే దానికీ నేర్పాను: బిల్లు వచ్చిన మరునాడు కొంటే గడువు ఎక్కువ దొరుకుతుంది, గడువులోగా పూర్తిగా కడితేనే పాయింట్లు లాభం.

నీ పటం ముందు పెట్టే చీర ఈ రోజు సూర్యాపేటలో కార్డు మీద కొన్నాను. నా బిల్లు ఎల్లుండి వస్తుంది. నువ్వుంటే "మూడు రోజులు ఆగలేవా అక్కా" అని కసిరేదానివి. తిథి ఆగదు కదా, రాజ్యం.