గండి దగ్గరి ముడి

మంగళవారం, ఫిబ్రవరి 3

నా కోడలు రమణమ్మను పోలీసులు తీసుకుపోయారు. తడి చీరతోనే జీపెక్కించారు. మార్చుకోనివ్వలేదు.

రోడ్డు పక్క మిషను కుట్టుకునే రూతమ్మ దగ్గరికి వచ్చి కూర్చున్నాను. నేను చెబుతాను, నువ్వు రాయి, సొంత కవిత్వం వద్దు అన్నాను. "నీ మాటకు కవిత్వం యాడ అంటుకుంటది పెద్దమ్మా" అంది. కుట్టే బట్ట పక్కన పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుంది.

రాయి. సరివి తోపులో సరుగుడు చెట్లకు కట్టిన ఎర్ర రిబ్బన్లు పీకింది రమణమ్మ ఒక్కతే కాదు. రొయ్యల గుంట గండి దగ్గరిది నేను తీశాను. ఆదివారం ఆ సైకిలు అబ్బాయి పడింది గండిలోనే.

బుధవారం, 4

మొదటి నుంచి చెబుతాను.

ప్రతి ఆదివారం కావలి నుంచి సైకిళ్ల వాళ్లు వస్తారు. లావు టైర్లు, తలకు చిప్పలు, ఒంటికి అంటుకుపోయిన బట్టలు. కాలవ కట్ట ఎక్కుతారు. తాటితోపు దాటి, ఉప్పు కయ్యల గట్ల మీదుగా వచ్చి, సరివి తోపులో దూరి, ఇసక దిబ్బ ఎక్కి అవతలికి జారతారు. కింద రొయ్యల గుంటలు, వాటి కట్ట... అక్కడికి పోకుండా ఎడమకు తిరిగితే మళ్లీ రోడ్డు. నెత్తిన చేపల తట్టతో నేను బతుకంతా నడిచిన దారే అది. మాకు చాకిరీ, వాళ్లకు ఆట. ఆడుకోనీ అనుకునేదాన్ని. "అవ్వా, నీళ్లుండాయా" అంటే చెంబుతో ఇచ్చేదాన్ని. ఆ అబ్బాయి వాళ్లలో ఎవరో తెలియదు. అందరికీ చిప్పలే.

పోయిన శనివారం ఎవరో వచ్చి చెట్లకు రిబ్బన్లు కట్టిపోయారు. మాకు చెప్పలేదు. మర్నాడు పందెమట, దారి తెలియడానికట. ఇప్పుడు చెబుతున్నారు.

ఎర్రగుడ్డ అంటే మాకు తెలిసింది ఒకటే. దక్షిణపు దిబ్బ మీద కర్రలకు ఎర్రగుడ్డలు కట్టారు. వెనకాలే కొలతల వాళ్లు వచ్చారు. వాళ్ల వెనకాల కంచె. మేము వలలు ఆరేసుకునే నేల ఇప్పుడు కంచె లోపల ఉంది. మళ్లీ గుడ్డ కనబడితే అడగొద్దు, పీకెయ్యండి — పల్లెలో ఆడవాళ్లమంతా ఆ రోజే అనుకున్న మాట.

శనివారం సాయంత్రం పుల్లలకు పోయినప్పుడు చూశాం. పీకాం. తోపు లోపలివి రమణమ్మ. దిబ్బ దిగాక, కట్టకు ముందు చెట్టుకున్నది నేను. రమణమ్మ తను తీసిన వాటితో మోపులు కట్టుకుని ఇంటికి తెచ్చింది. గుడ్డపేలిక పారేసే ఇల్లు కాదు మాది. పోలీసులకు అవే దొరికాయి.

రొయ్యలు పట్టాక నీళ్లు వదలడానికి గుంట యజమాని ఆ వారమే కట్టకు గండి కొట్టించాడు. ఒక ముళ్లకంప కూడా అడ్డం వేయించలేదు. ఆదివారం పొద్దున ఆ అబ్బాయి దిబ్బ మీంచి జారి, ఎడమకు తిరగాల్సిన చోట తిన్నగా పోయాడు. గండిలో తూముగొట్టం మీద పడ్డాడు.

గండిని శనివారమే చూశాను నేను. రిబ్బను ఎందుకు కట్టారో తట్టలేదు.

సాయంత్రం —

రమణమ్మకు రిమాండట. నెల్లూరు జైలు.

గురువారం, 5

ఆ అబ్బాయికి ఇంకా తెలివి రాలేదట. అన్నం కలిపాను. కుక్కకు పెట్టాను.

శుక్రవారం, 6

మా పల్లె పెద్ద, పెద్దకాపు ఇంటి ముందు మగవాళ్లు కూటం పెట్టారు. ఆడది అడుగు పెట్టకూడని చోటు. పోయి మధ్యలో కూర్చున్నాను.

"అవ్వా, నువ్వు లేచి ఇంటికి పో" అన్నాడు పెద్దకాపు.

"నువ్వు పుట్టినప్పుడు ఏడవలేదురా. కాళ్లు పట్టుకోని తలకిందలుగా ఎత్తి, ముడ్డి మీద ఒకటిస్తే ఏడిచినావు. ఇప్పుడు నన్ను పొమ్మంటావా?"

కుర్రవాళ్లు నవ్వబోయి ఆగారు. వాడు తల వంచుకున్నాడు. కాని మాట మార్చలేదు. దురాయి వేశారు: ఈ సంగతి మీద ఎవరూ స్టేషనుకు పోయి నోరు తెరవకూడదు. తెరిస్తే వెలి. నిప్పు లేదు, నీళ్లు లేవు, పలకరింపు లేదు.

"ఒక పేరుతో పోయేదానికి పదిమంది ఆడోళ్ల పేర్లు ఎక్కిస్తావా అవ్వా?"

"పది కాదు. ఒకటే. అది నాది."

"నిన్నెవురు నమ్ముతారు? కర్ర లేకుండా బోరింగు కాడికి పోలేవు. దిబ్బ ఎక్కి దిగినావంటే నవ్వుతారు."

నా కొడుకు సముద్రంలో పోయాడు. మాట్లాడే మగవాడు లేని ఇల్లు. అందుకే ఆ ఒక పేరు రమణమ్మది అయింది. ఈ ముక్క ఎవరూ అనలేదు. నేను అన్నాను. చుట్టలు వెలిగించుకున్నారు.

శనివారం, 7

స్టేషనుకు పోయాను. రూతమ్మ చెయ్యి పట్టుకుంది. ఆమె మా పల్లె మనిషి కాదు, మా దురాయి ఆమెకు లేదు.

ఎస్సై చెడ్డవాడు కాదు. కుర్చీ వేయించాడు. చెప్పిందంతా విన్నాడు.

"కోడలంటే అంత ప్రేమా ముసలమ్మా? మా ఇంట్లో లేదే ఇట్లాంటి అత్త." కానిస్టేబుళ్లు నవ్వారు.

"ప్రేమేందయ్యా. దానికి పులుసు పెట్టేది రాదు. నోరు మూసుకునేది రాదు. ముడి విప్పేది మాత్రం వచ్చు. నాకు రాదు, చూడు."

చేతులు బల్ల మీద పెట్టాను. వలలు ముడేసి ముడేసి వంకర పోయిన వేళ్లు. రిబ్బను ముడి నాకు ఊడలేదు. పుల్లల కొడవలితో కోశాను. రిబ్బను ఊడి గాలికి కొట్టుకుపోయింది, ముడి చెట్టుకే ఉండిపోయింది. రమణమ్మవన్నీ విప్పినవి. తోపంతా తిరగండి, ఒక్క చెట్టుకు ముడి కనబడదు. గండి దగ్గర ఒక్కదానికే ఉంది. వచ్చి చూడండి.

"చూస్తాంలే" అన్నాడు.

"గండి కొట్టించినాయన్ని అడిగినారా?"

"అది వేరే సంగతి."

"ఆ బిడ్డ పడింది గండిలో. రిబ్బన్లో కాదు."

ఆ మాటకు లేచి నిలబడ్డాడు. మేము కూడా లేచాం.

దారిలో రూతమ్మ, ఆ ముడి మనమే తెచ్చి ఇస్తే పోలా అంది. తెస్తే, ఎక్కడిదో తెచ్చానంటారు. అది చెట్టుకే ఉండాలి.

ఆదివారం, 8

సైకిళ్లు రాలేదు. బోరింగు దగ్గర నా బిందె పక్కకు జరిపారు. వెలి మొదలైంది. నీళ్లు రూతమ్మ మోసింది.

సోమవారం, 9

ఆ అబ్బాయి పోయాడు.

...

రాయి రూతమ్మా. ఎందుకు ఆగుతావు. అందులో నా పాపం ఉంది. ఎంత ఉందో నాకు తెలుసు. ఉన్నదాన్ని నాకు రాయండి, రమణమ్మకు కాదు.

బుధవారం, 11

ఒక కారు తోపు దగ్గర ఆగింది. లోపల డ్రైవరు, వెనక ఒక ఆమె. దిగి చెప్పులు చేతపట్టుకుని ఇసకలో నిలబడింది. తల్లి అని ఎవరూ చెప్పక్కర్లేదు.

"మా వాడు పడిన చోటు చూపిస్తారా?" అంది. ఊరంతా తలుపులు వేసుకుంది. నేను కర్ర తీసుకుని ముందు నడిచాను.

తోపు. సరివి ఆకు మెత్తగా, కాలి కింద చప్పుడు లేదు. తర్వాత దిబ్బ. ఎక్కుతూ రెండుసార్లు కూర్చుంది. నేను ఒక్కసారే. పైన గాలి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పు కయ్యలు తెల్లగా.

"దీని మీంచి దిగేదానికే వారమంతా ఎదురు చూసేవాడు. ఇంటికొచ్చి బూట్లు విప్పితే దోసెడు ఇసక. ఇల్లంతా ఇసకేందిరా అని తిట్టేదాన్ని."

దిగాం. చెట్టు దగ్గర ఆగి చెప్పాను — ఇక్కడున్న రిబ్బను తీసింది నేనేనమ్మా.

గండి వైపు తిరిగింది.

"ఎందుకు తీసినావు?"

చెప్పాను. గుడ్డలు, కొలతలు, కంచె. విన్నదో లేదో.

"నాకెందుకు చెప్తా ఉండావు?" ఇందాకటి మర్యాద పోయింది గొంతులో. పోనీ.

"నా కోడలు జైల్లో ఉండాది. ఎస్సై నా మాట నమ్మలేదు. ఆ ముడి చూడు. నా చేతులు చూడు."

చూసింది. ముడినీ, చేతులనూ. నమ్మింది — ఆమె మొహంలో తెలిసింది. ఈ ఊళ్లో, ఆ స్టేషనులో ఎవరూ నమ్మనిది ఆమె నమ్మింది.

తర్వాత చెట్టు దగ్గరికి పోయి గోళ్లతో ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, అది చెట్టుకే ఉండాల. నాకు అదొక్కటే ఆధారం."

ఆగలేదు. గోరు విరిగింది, అయినా ఆగలేదు. ఊడింది. పిడికిట్లో పట్టుకుంది.

"ఇది మా వాడి కోసం కట్టింది" అంది.

సంచిలో వేసుకుని దిబ్బ ఎక్కింది. ఆమె వెనక పోదామని చూశాను. కర్ర ఇసకలో దిగబడింది. దిబ్బకు ఇవతలే ఉండిపోయాను.

రూతమ్మ అడుగుతోంది: కారు ఎటు తిరిగింది? కుడికయితే స్టేషను, ఎడమకయితే కావలి, వాళ్ల ఊరు.

చప్పుడు విన్నాను. దిబ్బ అడ్డం. తిరగడం చూడలేదు.

గురువారం, 12

చెట్టు దగ్గరికి మళ్లీ పోయాను. బెరడు మీద సన్నటి గీత ఉంది. అంతే.

స్టేషను నుంచి కబురు లేదు.

రమణమ్మ చీర ఒకటి ఉతికి, ఆరేసి, మడతపెట్టి సంచిలో పెట్టాను. గుమ్మంలో కూర్చున్నాను. జీపు దాన్ని దింపడానికి వచ్చినా, నన్ను ఎక్కించడానికి వచ్చినా, ఈసారి పొడి చీర ఉండాలి.